అప్‌డేట్: టీజీఎఫ్-బీటా ఎందుకు పనిచేయలేదో తెలిసింది

ల్యాబ్‌లో తయారుచేసిన మనిషి సిగ్నల్ ప్రోటీన్ (రీకాంబినెంట్ హ్యూమన్ టీజీఎఫ్-బీటా1) వేసినా, ఇంకా ఉత్తేజం కాని రోగనిరోధక కణాలు (నైవ్ సీడీ4 టి-కణాలు) రోగనిరోధక స్పందనను అదుపు చేసే రెగ్యులేటరీ టి-కణాలుగా మారడం లేదు, ఎందుకని పోయిన నెల ఇక్కడ అడిగాను. లోపం ప్రోటీన్‌లో లేదు, నేను కలిపిన తీరులో ఉంది.

వయల్ మూత తీసి నేరుగా పీబీఎస్ (దాదాపు తటస్థ పీహెచ్ ఉన్న ఉప్పు ద్రావణం) పోశాను. ఈ ప్రోటీన్ తటస్థ పీహెచ్‌లో సరిగా కరగదు, ప్లాస్టిక్ గోడకు అంటుకుపోతుంది. వయల్‌లో ఉండేదే కంటికి ఆనీ ఆనని పలుచని పొర. మైక్రోగ్రాముల సరుకు, అది కాస్తా గోడకే పోతే కణాలకు ఇంకేం మిగులుతుంది! ఈసారి ముందు సెంట్రిఫ్యూజ్‌లో కాసేపు తిప్పి, మిల్లీలీటరుకు 1 మిల్లీగ్రాము బీఎస్ఏ (గోడకు అంటుకోకుండా కాపాడే, ఆవు రక్తం నుంచి తీసిన ఆల్బుమిన్ ప్రోటీన్) ఉన్న 4 మిల్లీమోలార్ హైడ్రోక్లోరిక్ యాసిడ్‌లో కరిగించాను. చిన్న ట్యూబుల్లోకి పంచి మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్‌లో పెట్టాను. బయటికి తీసిన ట్యూబును మళ్లీ గడ్డకట్టించడం లేదు.

టి-కణాల పెరుగుదలకు తోడ్పడే ఐఎల్-2 ప్రోటీన్‌తో పాటు టీజీఎఫ్-బీటాను మిల్లీలీటరుకు 5 నానోగ్రాములు వేస్తే, ఐదో రోజు ఫ్లో సైటోమెట్రీలో (కణాలను ఒక్కొక్కటిగా లేజర్‌తో చూసే పరీక్ష) రెగ్యులేటరీ టి-కణాల గుర్తైన ఫాక్స్‌పీ3 ప్రోటీన్ స్పష్టంగా కనిపించింది. ప్రాణం లేచొచ్చింది. అయితే మనిషి టి-కణాల్లో యాక్టివేషన్ (కణాలు ఉత్తేజం కావడం) వల్ల కూడా ఫాక్స్‌పీ3 కొంతకాలం పెరుగుతుంది. అందుకే టీజీఎఫ్-బీటా లేని కంట్రోల్ కూడా పెట్టాను, ఈ కణాలు ఇతర టి-కణాలను నిజంగా అణచగలవో లేదో చూసే సప్రెషన్ అస్సే వచ్చే వారం చేస్తున్నాను. బీఎస్ఏ సంగతి చెప్పినవాళ్లకు చాలా థ్యాంక్స్.