ఐసిస్‌పై బ్రిటన్ వైమానిక దాడులు: నాలుగు వేల మంది శత్రువులు, ఒకే ఒక్క పౌరుడు. ఈ లెక్కను అంగీకరించవచ్చా?

కిన్నెరసాని:

2015 డిసెంబరు 2న బ్రిటన్ పార్లమెంటు దిగువ సభ అయిన కామన్స్ సభ పది గంటలకు పైగా చర్చించి, సిరియాలోని ఐసిస్ (ఇస్లామిక్ స్టేట్ ఉగ్రవాద సంస్థ) స్థావరాలపై వైమానిక దాడులకు 397–223 ఓట్లతో అనుమతి ఇచ్చింది. ఓటింగు ముగిసిన కొద్ది గంటలకే సైప్రస్‌లోని అక్రోతిరి స్థావరం నుంచి నాలుగు టోర్నడో విమానాలు లేచి తూర్పు సిరియాలోని ఒమర్ చమురు క్షేత్రంపై బాంబులు వేశాయి. ఇరాక్ విషయంలో అంతకు ముందే, 2014 సెప్టెంబరు 26న, 524–43 ఓట్లతో అనుమతి లభించింది. ఆ తర్వాతి సంవత్సరాలలో అమెరికా నాయకత్వంలోని సంకీర్ణ దళాలు రెండు దేశాల్లోనూ 34 వేలకు పైగా దాడులు జరిపాయి. అందులో అమెరికా తర్వాత పెద్ద వాటా బ్రిటన్‌దే.

అసలు దాడులు చేయడమే తప్పు అనడం నా ఉద్దేశం కాదని ముందే స్పష్టం చేస్తున్నాను. 2014 ఆగస్టు 3న ఐసిస్ మూకలు ఉత్తర ఇరాక్‌లోని సింజార్ మీద పడినప్పుడు, మైనారిటీ మతస్థులైన వేలాది యజీదీ కుటుంబాలు నీడ లేని కొండ మీదికి ఎక్కి, ఆగస్టు ఎండలో నీళ్లు లేక పసిపిల్లలను పోగొట్టుకున్నాయి. కొండ ఎక్కలేకపోయిన వారి గతి ఇంకా ఘోరం. కోచో గ్రామంలో మగవారిని చంపి, ఆడపిల్లలను సంతలో పశువుల్లా అమ్మారు. ఆ గ్రామం నుంచి బయటపడిన నాదియా మురాద్‌కు 2018లో నోబెల్ శాంతి బహుమతి వచ్చింది. ఆ ఆగస్టులో విమానాలు రాకపోయి ఉంటే ఆ కొండ మీద ఎంతమంది మిగిలేవారో ఊహించుకోవడానికి కూడా నాకు భయంగా ఉంది.

నా ప్రశ్న వేరే. ఈ దాడుల్లో నాలుగు వేల మందికి పైగా ఐసిస్ యోధులు మరణించారని లేదా గాయపడ్డారని బ్రిటన్ రక్షణ శాఖ చెప్పింది. అదే శాఖ తన చేతిలో పోయిన పౌరుడిగా ఒప్పుకున్నది ఒక్కరిని మాత్రమే. 2018 మార్చి 26న తూర్పు సిరియాలో ఒక రీపర్ డ్రోన్ ముగ్గురు యోధులపై క్షిపణి వదిలినప్పుడు, చివరి క్షణంలో మోటారు సైకిల్‌పై అటుగా వచ్చిన మనిషి అతను. ఇరాక్‌లోని మోసుల్, సిరియాలోని రక్కా వంటి జనసమ్మర్ద నగరాలపై ఏళ్ల తరబడి బాంబులు వేసిన దేశం ఒక్క మనిషినే పొరపాటున చంపిందంటే, ఆ లెక్క కట్టిన పద్ధతిలోనే దోషం ఉందని నేనంటాను. మీరేమంటారు?

పాత వైమానికుడు:

నేను భారత వైమానిక దళంలో ఆయుధ విభాగంలో చాలా ఏళ్లు పనిచేసి పదవీ విరమణ చేసినవాడిని. కిన్నెరసాని గారు దాడుల అవసరాన్ని గుర్తించడం సంతోషం. అయితే ఆ 'ఒక్కరు' అన్న మాటను సరిగా అర్థం చేసుకోవాలి. చనిపోయినవాడు ఒక్కడే అని బ్రిటన్ అనలేదు. తన దగ్గరున్న ఆధారాలతో ధ్రువపడింది ఒక్కటే అన్నది. ఈ రెండింటికీ మధ్య ఉన్న తేడా కేవలం మాటల గారడీ కాదు.

బ్రిటిష్ విమానాలు వాడిన పేవ్‌వే బాంబులు, బ్రిమ్‌స్టోన్ క్షిపణులు గురి తప్పకుండా కొట్టడానికే తయారైనవి. బ్రిమ్‌స్టోన్‌లోని పేలుడు పదార్థం చాలా తక్కువ, కదులుతున్న వాహనాన్ని కొట్టినా పక్క ఇల్లు నిలబడాలన్నదే దాని వెనుక ఆలోచన. లక్ష్యాన్ని ఎంచుకునే ముందు న్యాయ సలహాదారు చూస్తాడు. ఏ ఆయుధం వాడాలి, ఏ దిక్కు నుంచి రావాలి, ఫ్యూజును ఎన్ని క్షణాలు ఆలస్యం చేయాలి అన్నది లెక్క వేస్తారు. జనం కనబడితే ఆయుధం వదలకుండానే తిరిగి వస్తారు. వదలకుండా తెచ్చిన బాంబుల గురించి ఏ పత్రికా రాయదు.

ఉత్తర సిరియాలోని కుర్దుల పట్టణం కొబానీని కూడా మరచిపోకండి. 2014 శరదృతువులో ఆ ఊరు దాదాపు ఐసిస్ చేతిలోకి వెళ్లిపోయింది. నేల మీద కుర్దు యువతీ యువకులు, పైన సంకీర్ణ విమానాలు కలిసి నాలుగు నెలలు పోరాడి 2015 జనవరిలో దాన్ని విడిపించారు. ఐసిస్ గెలుపు పరంపరకు మొదటి పెద్ద దెబ్బ అక్కడే తగిలింది. ఇక మన వాళ్ల సంగతి. 2014 జూన్‌లో మోసుల్‌లో ఐసిస్‌కు చిక్కిన 39 మంది భారతీయ కూలీలను చంపి మట్టిలో కలిపేశారని, నాలుగేళ్ల తర్వాత, 2018 మార్చి 20న, సుష్మా స్వరాజ్ రాజ్యసభలో చెప్పినప్పుడే వారి కుటుంబాలకు తెలిసింది. అలాంటి వాళ్లతో యుద్ధం చేసే పైలట్‌ను ముద్దాయిలా నిలబెట్టడం నాకు బాధగా ఉంది.

ఎర్రమట్టి:

ఇద్దరూ దాడులు అవసరమే అన్న చోట మొదలుపెట్టారు. నేను అక్కడే విభేదిస్తున్నాను.

ఇరాక్ మీద బ్రిటిష్ విమానాలకు ఇది మొదటి యుద్ధం కాదు. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత ఇరాక్ తమ పాలనలోకి వచ్చినప్పుడు, సైనికులను పెట్టడం ఖర్చుతో కూడిన పని కాబట్టి, 1922 నుంచి ఆ దేశ భద్రతను రాయల్ ఎయిర్‌ఫోర్స్‌కు అప్పగించారు. పన్ను కట్టని తెగల మీద సైతం విమానాలు బాంబులు వేశాయి. 1925లో అప్పటి మన సరిహద్దులోని వజీరిస్తాన్‌లో (ఇప్పుడది పాకిస్తాన్‌లో ఉంది) పదాతి దళాన్ని కదల్చకుండా విమానాలతోనే ఒక యుద్ధం నడిపారు. తమవాళ్లు చావకుండా, తక్కువ ఖర్చుతో, దూరం నుంచి జనాన్ని అదుపు చేయడం అన్న ఆలోచన నూరేళ్ల నాటిది.

ఐసిస్ ఎక్కడి నుంచి వచ్చిందో కూడా చూడాలి. 2003 మార్చిలో ఇదే కామన్స్ సభ ఇరాక్ దండయాత్రకు 412–149 ఓట్లతో సరేనంది. ఇరాక్ సైన్యాన్ని రద్దు చేశారు. ఉపాధి పోయిన సైనికాధికారులే తర్వాత ఐసిస్‌కు వెన్నెముక అయ్యారు. ఆ యుద్ధాన్ని విచారించిన చిల్‌కాట్ సంఘం, శాంతియుత మార్గాలన్నీ ముగియకముందే యుద్ధానికి దిగారని 2016లో తేల్చింది. నిప్పు పెట్టినవారే నీళ్లు చల్లడానికి వచ్చి, ఆ నీళ్లలో ఎవరూ మునగలేదని చెబుతుంటే నమ్మమంటారా? 2015 చర్చలో ప్రధాని కామెరాన్ నేల మీద తీవ్రవాదులు కాని 70 వేల మంది సిరియా తిరుగుబాటు యోధులు సిద్ధంగా ఉన్నారన్నారు. చివరకు రక్కాను విడిపించింది కుర్దుల నాయకత్వంలోని దళాలు. ఆయన చెప్పిన 70 వేల మంది అక్కడ ఎక్కడా కనబడలేదు.

కిన్నెరసాని:

ఎర్రమట్టి గారూ, మీరు చెప్పిన చరిత్రను నేను కాదనను. కానీ 2014 ఆగస్టులో సింజార్ కొండ మీద ఉన్న తల్లికి 2003 నాటి తప్పు ఎవరిదో తేలే దాకా ఆగే వ్యవధి లేదు. ఆమెను ఆదుకునే శక్తి ఆనాడు విమానాలకే ఉంది. నిప్పు పెట్టినవాడికే ఆర్పే బాధ్యత ఎక్కువ అని కూడా అనవచ్చు కదా.

పాత వైమానికుడు గారూ, నేను పైలట్‌ను ముద్దాయిగా నిలబెట్టడం లేదు. విమానం వెనక్కి వెళ్లిన తర్వాత జరగవలసిన పని గురించే నా ఆవేదన. దాడి ఫలితాన్ని దేనితో కొలుస్తారు? ప్రధానంగా విమానమో డ్రోనో తీసిన వీడియోతో. ఆ వీడియోలో కప్పు కనబడుతుంది, కప్పు కింద ఉన్నవారు కనబడరు. దాడికి ముందు బయట తిరిగిన మనుషులను చూసి లెక్క వేస్తారు. ఐసిస్ పాలనలో, అందునా ముట్టడి రోజుల్లో, ఆడవాళ్లు, పిల్లలు బయట తిరగరు. లోపలి గదుల్లో, మెట్ల కింద, నేలమాళిగల్లో ముడుచుకుని ఉంటారు. ఎవరిని కాపాడాలనుకుంటున్నామో వారే కెమెరాకు కనబడని చోట ఉన్నారన్నమాట.

2017 మార్చి 17న పశ్చిమ మోసుల్‌లోని అల్ జదీదా వాడలో ఒక భవనం పైన ఉన్న ఇద్దరు స్నైపర్లను కొట్టడానికి అమెరికా విమానం ఒక బాంబు వేసింది. భవనం కుప్పకూలింది. లోపల తలదాచుకున్న వంద మందికి పైగా పౌరులు చనిపోయారు. లోపల ఐసిస్ దాచిన పేలుడు పదార్థాల వల్లనే భవనం అంతగా కూలిందని అమెరికా విచారణ చెప్పింది. అది నిజమే కావచ్చు. నేను పట్టించుకునేది ఇంకొకటి. లోపల అంతమంది ఉన్నారని బాంబు వేసినవారికి తెలియదు. శిథిలాలను తవ్వి శవాలను బయటికి తీసిన పొరుగువారి వల్ల లోకానికి తెలిసింది. అలా తవ్వి చెప్పేవారు లేని చోట ఆ ఇల్లు 'ఇద్దరు శత్రువులు హతం, పౌర నష్టం లేదు' అన్న పద్దు కింద మిగిలిపోయేది.

రక్కాలో మానవ హక్కుల సంస్థ ఆమ్నెస్టీ, వైమానిక దాడుల్లో పౌర మరణాలను లెక్కగట్టే ఎయిర్‌వార్స్ ఆ పనే చేశాయి. దాడి జరిగిన సుమారు 200 చోట్లకు మనుషులు స్వయంగా వెళ్లి, బతికినవారిని అడిగి, 2017 జూన్ నుంచి అక్టోబరు వరకు సంకీర్ణ దాడుల్లో 1,600 మందికి పైగా పౌరులు చనిపోయారని 2019లో వెల్లడించాయి. రెండు దేశాల్లో కలిపి, మొత్తం యుద్ధకాలానికి, సంకీర్ణ దళాలు స్వయంగా ఒప్పుకున్న పౌర మరణాలు 1,400 పైచిలుకు. పైగా ఏ మరణం ఏ దేశం బాంబు వల్ల జరిగిందో సంకీర్ణం చెప్పదు. అడిగితే చాలా దేశాలు 'మాది కాదు' అంటాయి. పద్నాలుగు వందల మంది చావులకు తండ్రి లేడు.

మాంచెస్టర్ తెలుగు:

ఇది మనకు సంబంధం లేని దేశాల గొడవ అని ఇతరచోట్ల కొందరు అనడం విన్నాను, అందుకే రాస్తున్నాను. బ్రిటన్‌లో నివసించే భారత పౌరులకు, కామన్వెల్త్ దేశస్థులుగా, ఇక్కడి పార్లమెంటు ఎన్నికల్లో ఓటు హక్కు ఉంది. ఇక్కడి తెలుగువారిలో చాలామంది ఓటు వేస్తారు. అంటే ఆ 397 మందిలో కొందరు మన ఓట్లతో కూడా సభకు వెళ్లినవారే.

2017 మే 22 రాత్రి మా ఊళ్లో పాటల కచేరీ నుంచి బయటకు వస్తున్న పిల్లల మధ్య ఒకడు తనను తాను పేల్చుకున్నాడు. 22 మంది చనిపోయారు. అది తమ పనేనని ఐసిస్ చెప్పుకుంది. ఆ తర్వాతి రోజుల్లో నగరం నడిబొడ్డున సెయింట్ ఆన్స్ స్క్వేర్ పువ్వులతో, బొమ్మలతో, గులాబీ రంగు బెలూన్లతో నిండిపోయింది. ప్లాస్టిక్ కాగితంలో చుట్టిన పూలగుత్తుల మీద వాన పడుతుంటే మా అమ్మాయి ఒక్కొక్క చీటీ చదువుతూ చాలాసేపు కదలలేదు. ఆ 22 మంది పేర్లు, ముఖాలు, వయసులు ఈ నగరానికి తెలుసు. దేశం వారి ప్రతి ఒక్కరి మరణంపైనా విచారణ జరిపి, ఎవరు ఎక్కడ నిలబడి ఉన్నారో, సహాయం ఎంత ఆలస్యంగా అందిందో నిమిషాలతో సహా నమోదు చేసింది. ఐసిస్‌పై దాడులను నేను అప్పుడూ సమర్థించాను, ఇప్పుడూ సమర్థిస్తున్నాను. కానీ ఇక్కడి పిల్లల కోసం అంత శ్రద్ధగా లెక్క రాసిన ప్రభుత్వం, రక్కాలో ఒక కూలిన ఇంటికి మనిషిని పంపి 'లోపల ఎవరుండేవారు?' అని అడగకపోవడాన్ని మాత్రం నేను సమర్థించలేను.

పాత వైమానికుడు:

యుద్ధం నడుస్తున్న నగరానికి విచారణాధికారులను పంపడం సాధ్యం కాదు. పంపితే వారినీ ఐసిస్ చంపేది. స్థానికుల మాటల్లో నిజమెంతో, ఐసిస్ బెదిరించి చెప్పించింది ఎంతో తేల్చడమూ సులభం కాదు. చనిపోయిన ప్రతి మగవాడినీ పౌరుడనే చెప్పే కుటుంబాలు ఉంటాయి. అందుకే గట్టి ఆధారం అడిగారు.

కిన్నెరసాని:

యుద్ధం నడిచినన్నాళ్లు సాధ్యం కాదు, ఒప్పుకుంటాను. మోసుల్ విముక్తమైందని ఇరాక్ ప్రధాని ప్రకటించింది 2017 జూలైలో. ఆ తర్వాత పాత్రికేయులు వెళ్లారు, సహాయ సంస్థలు వెళ్లాయి, ఇళ్ల యజమానులు తిరిగొచ్చారు. రక్షణ శాఖకు మాత్రమే దారి దొరకలేదా? ఇక గట్టి ఆధారం సంగతి. శత్రువుల లెక్కకు ఎవరు గట్టి ఆధారం అడిగారు? ఆ నాలుగు వేల మందినీ పైనుంచి చూసే అంచనా వేశారు. ఒకే వీడియో చనిపోయినవాడు శత్రువని చెబితే సరిపోతుంది, పౌరుడని చెబితే చాలదు. నా అభ్యంతరమంతా ఈ రెండు తూకపు రాళ్ల మీదనే.

ఒక ఉదాహరణ చెబుతాను. 2015 జూలైలో లిబియాలోని సిర్తే విశ్వవిద్యాలయంలో పాఠాలు చెబుతున్న ఇద్దరు తెలుగు అధ్యాపకులను ఐసిస్ వర్గాలు బందీలుగా పట్టుకున్నాయి. 2016 ఆగస్టు 1 నుంచి సిర్తేపై అమెరికా విమానాలు దాడులు మొదలుపెట్టి డిసెంబరు దాకా 495 సార్లు కొట్టాయి. సెప్టెంబరులో, ఆ దాడులు సాగుతుండగానే, మన అధ్యాపకులు ప్రాణాలతో బయటపడ్డారు. వారి ఇళ్లలో ఆ ఆరు వారాలు ఎలా గడిచి ఉంటాయో ఆలోచించండి. వారిని ఉంచిన గదిపై ఒక బాంబు పడి ఉంటే, వారు ఏ పద్దులోకి వెళ్లేవారు? పైనుంచి చూసే కెమెరాకు బందీకీ, కాపలాదారుకీ తేడా తెలియదు.

ఇది ఊహాగానం కాదు. 2015 జనవరిలో అఫ్గాన్–పాకిస్తాన్ సరిహద్దులో అల్ ఖాయిదా స్థావరంపై జరిగిన అమెరికా దాడిలో, అక్కడ బందీలుగా ఉన్న అమెరికా పౌరుడు వారెన్ వైన్‌స్టీన్, ఇటలీ పౌరుడు జొవాన్నీ లో పోర్తో చనిపోయారు. వందల గంటల పాటు నిఘా పెట్టినా వారు లోపల ఉన్నట్టు తెలియలేదు. ఏప్రిల్‌లో ఒబామా క్షమాపణ చెప్పారు. వారి కోసం అడిగే ప్రభుత్వాలు ఉన్నాయి కాబట్టి నిజం బయటికొచ్చింది.

పాత వైమానికుడు:

సిర్తే అధ్యాపకుల ప్రస్తావన నన్ను ఆలోచింపజేసింది. నిన్నటి నుంచి దాని గురించే అనుకుంటున్నాను. రెండు తూకపు రాళ్లు అన్న మాటకు నా దగ్గర జవాబు లేదు. దాడి నివేదికలో 'శత్రు నష్టం' గడిని నింపేటప్పుడు మేము పడే సందేహం, 'పౌర నష్టం' గడిని ఖాళీగా వదిలేటప్పుడు పడం. శిక్షణ కాలం నుంచే అలవాటు అలా అయిపోతుంది. ఇది ఏ ఒక్క దేశానికో పరిమితం కాదు.

హవీజా ఉదంతం మీకు తెలిసే ఉంటుంది. 2015 జూన్ 2–3 రాత్రి నెదర్లాండ్స్ ఎఫ్-16 విమానాలు ఇరాక్‌లోని ఆ పట్టణంలో ఐసిస్ కారు బాంబుల కర్మాగారాన్ని కొట్టాయి. లోపలి పేలుడు పదార్థాలు అంటుకుని వాడకు వాడే నేలమట్టమై, సుమారు 70 మంది పౌరులు పోయారు. లక్ష్యం సరైనదే అని ఒక ఆయుధ నిపుణుడిగా ఈనాటికీ అంటాను. కారు బాంబులు బయటికి వెళ్లి ఉంటే ఎన్ని బజార్లు రక్తసిక్తమయ్యేవో. కానీ 2019 అక్టోబరులో డచ్ పత్రికలు బయటపెట్టే దాకా నాలుగేళ్లు ఆ దాడి ఎవరిదో ఆ ఊరివాళ్లకు తెలియదు. తమ పార్లమెంటుకు తప్పుడు సమాచారం అందిందని ఆ తర్వాతి నెలలో గానీ రక్షణ మంత్రి ఒప్పుకోలేదు. ఆ నాలుగేళ్ల మౌనాన్ని సమర్థించడానికి నా అనుభవమంతా కూడగట్టుకున్నా ఒక్క మాట దొరకడం లేదు.

అయినా ఒక విషయంలో మీతో ఇంకా ఏకీభవించను, కిన్నెరసాని గారూ. లెక్క రాసే పనిని బాంబు వేసిన శాఖకే అప్పగించాలని మీరు అడుగుతున్నట్టుంది. నేనైతే అది ఆ శాఖ చేతిలో ఉండకూడదంటాను. నగరం విముక్తమైన నెలలోపు వేరే బృందం వెళ్లాలి, దాడుల తేదీలు, స్థలాలు, వాడిన ఆయుధం వివరాలతో కూడిన జాబితాను వైమానిక దళం ఆ బృందం చేతికి ఇవ్వాలి. ఆ జాబితా లేకుండా ఏ శిథిలం ఎవరి బాంబుదో పొరుగువారు కూడా చెప్పలేరు.

కిన్నెరసాని:

జాబితా విషయంలో మీదే సరైన మాట. నేను అంత దూరం ఆలోచించలేదు.