లకుముకి వీపు బురద రంగులోకి దిగింది, ఎక్కడ తప్పు?

నీలిఇంకు:
ఒకే లినో పలకను (చెక్కడానికి వీలైన మెత్తటి లినోలియం) విడతలు విడతలుగా చెక్కుతూ నాలుగు రంగుల్లో లకుముకి పిట్టను అచ్చు వేస్తున్నాను. పసుపు, నారింజ, లేత నీలం, చివర ముదురు నీలం. మొత్తం పన్నెండు కాగితాలు. మొదటి రెండు రంగులు ముచ్చటగా పడ్డాయి. పొట్ట నారింజగా మిగిలేలా ఆ భాగం చెక్కేసి లేత నీలం వేస్తే వీపంతా బురద. పైగా తోకకు ఒక అంచున నారింజ గీత బయటపడింది, రెండో అంచున నీలం తెల్ల కాగితం మీదికి పోయింది. కాగితాన్ని ప్రతిసారీ ఒకే మూలకు ఆనించాను. ఎచింగ్ (లోహపు పలకతో తడి కాగితం మీద వేసే అచ్చు) అలవాటు కొద్దీ మొదటి రెండు రంగులకూ కాగితం తడిపాను, మూడోదానికి బద్ధకించి పొడిగానే వేశాను. చెక్కేసింది తిరిగి రాదు. ఇవన్నీ పారేయాల్సిందేనా?

పాతఉలి:
పారేయకండి. ఒక్కటి చూసి చెప్పండి: ఆనించిన మూల దగ్గర రంగులు సరిగ్గా కుదిరి, దూరం పోయేకొద్దీ తేడా పెరుగుతోందా?

నీలిఇంకు:
అవునండీ! తల దగ్గర బాగానే ఉంది, తోక దగ్గరే గొడవ.

పాతఉలి:
అయితే మీ చేయి తప్పేమీ లేదు, బద్ధకానిదే తప్పు. తడి కాగితం సాగుతుంది, ఆరాక ముడుచుకుంటుంది. దాంతో పాటే మీ పసుపు, నారింజ బొమ్మ కూడా ముడుచుకుంది. పలక మాత్రం అదే కొలతలో ఉంది. లినోకు కాగితం తడపనక్కర్లేదు. తడిపితే అన్ని రంగులకూ ఒకేలా తడపాలి.

ఇక బురద సంగతి. నారింజ, నీలం ఎదురెదురు రంగులు. పలుచటి నీలం కింద నుంచి నారింజ తొంగిచూస్తే బురద కాక ఇంకేమవుతుంది? నారింజకు వెనుదారి లేదన్నది నిజమే, కానీ లేత నీలం తర్వాత మీరింకా పలక చెక్కలేదు కదా! అదే నీలంలో కింది రంగును కప్పేసే తెలుపు బాగా కలిపి, పొర ఆరాక, అదే పలకతో మళ్లీ వేయండి. ఇంకు పలుచగానే పరచండి. మందంగా వేస్తే వారమైనా ఆరదు, మీద వేసే రంగు జారిపోతుంది. నేను అలా ఒక నెమలిని పాడుచేసుకున్నాను, ఇప్పటికీ గుర్తొస్తే ఒళ్లు మండుతుంది.

రెండుపలకలు:
నాకీ ఒంటి పలక మొండితనం అర్థం కాదు. 1920లలో లండన్‌లో లినో అచ్చులు నేర్పిన క్లాడ్ ఫ్లైట్ దగ్గర నేర్చుకున్నవాళ్లు రంగుకో పలక చెక్కేవారు. ఒక రంగు చెడితే ఆ పలకతోనే మళ్లీ వేసుకోవచ్చు.

పాతఉలి:
పలకలు పెరిగితే రంగులు కుదర్చడమూ కష్టమే. 1958లో పికాసో, పాతకాలపు జర్మన్ చిత్రకారుడు క్రానాక్ గీసిన ఒక యువతి చిత్రాన్ని రంగుకో పలకతో లినోలో చేశాడు. తర్వాత ఒకే పలకను చెక్కుతూ పోయే దారి పట్టాడు. అయితే లకుముకికి మీ మాటా పనికొస్తుంది. పొట్ట ముక్కను పలక నుంచి కోసి విడిగా ఇంకు పూసి, తిరిగి తన చోట అమర్చి అచ్చు వేయొచ్చు. నార్వే చిత్రకారుడు ఎడ్వర్డ్ ముంక్ చెక్క పలకల్ని రంపంతో కోసి అలాగే వేసేవాడు. అప్పుడు నీలం కిందికి నారింజ రానే రాదు.

నీలిఇంకు:
తెలుపు కలిపి మళ్లీ వేశాను. వీపు వెలిగింది! తోక గీత మాత్రం అలాగే ఉంది. ముదురు నీలం కూడా అయ్యాక తొమ్మిది మాత్రమే నచ్చాయి. అడుగున, మొత్తం ప్రతుల్లో ఇది ఎన్నోదో చెప్పే అంకె 1/12 అని రాయాలా, 1/9 అనా?

పాతఉలి:
మంచివి తొమ్మిదైతే తొమ్మిదే. మిగతా మూడూ రోలర్ తుడుచుకోవడానికి వాడకండి, తర్వాతి పిట్టకు రంగులు పరీక్షించడానికి దాచండి.