విరాటపర్వం చదవాలి, ఏ పుస్తకం కొనాలి?

ప్రశ్న:
మా తాతగారిది నెల్లూరు దగ్గర పల్లెటూరు. వానలు పడని ఏడు గుళ్ళో విరాటపర్వం చదివించేవారు, చదివేది ఆయనే. ఆ పుస్తకాన్ని చెదలు తినేసింది. తిక్కన పద్యాలు సొంతంగా అర్థం చేసుకుంటూ చదవాలని కోరిక. ఇంటర్ దాకా తెలుగు చదివాను. పోయిన నెల ఒక పుస్తకం తెప్పిస్తే అందులో పద్యాలే లేవు, అంతా వచనం! ఈసారి ఏది కొనమంటారు?

జవాబు 1:
నేను తెలుగు మాస్టారుగా పనిచేసి రిటైరయ్యానండి. ముందు ప్రతిపదార్థం ఉందో లేదో చూడండి, తాత్పర్యం ఒక్కటే ఉంటే చాలదు. ఎందుకో చెప్తాను. ద్రౌపది కీచకుణ్ణి హెచ్చరించే "దుర్వారోద్యమ" పద్యంలో "వెసంగిట్టి గంధర్వుల్" అని వస్తుంది. "గిట్టు" కోసం నిఘంటువు తీస్తే చచ్చిపోవడం అని కనిపిస్తుంది. అక్కడున్నది "కిట్టి", అంటే దగ్గరికి వచ్చి. ముందున్న "వెసన్" వల్ల కకారం గకారమైంది. "వెస" అంటే వేగం. గంధర్వులు వేగంగా మీదికి వచ్చి నీ ప్రాణం తీస్తారని ఆవిడ అంటుంటే, మనం గంధర్వులనే చంపేస్తాం! తిక్కన దగ్గర పెద్ద సమాసాల కన్నా ఇలాంటి చిన్న తెలుగు మాటల దగ్గరే ఎక్కువ తడబడతాం.

తిరుమల తిరుపతి దేవస్థానం వారి కవిత్రయ భారతంలో ప్రతిపదార్థం, తాత్పర్యం, విశేషాలు మూడూ ఉన్నాయి. వారి సైట్‌లో పీడీఎఫ్ ఉచితం. సెట్టంతా ఒకేసారి కొనకండి, విరాటపర్వం సంపుటం చాలు. పక్కన శబ్దరత్నాకరం నిఘంటువు పెట్టుకోండి.

జవాబు 2:
మాస్టారూ, పాఠభేదాల సంగతి కూడా చెప్పాల్సింది. ఒక్కో ముద్రణలో ఒక్కో మాట ఉంటుంది. అర్థం కుదరని చోట ఉస్మానియా విశ్వవిద్యాలయం వారి సంశోధిత ముద్రణ, అంటే పాఠాలన్నీ పోల్చి సరిచూసి వేసింది, చూడాలి. పెద్ద లైబ్రరీల్లో అడగండి.

జవాబు 1:
నిజమే, కానీ మొదటిసారి చదివేటప్పుడు వద్దండి. పాఠాలు పోల్చుకుంటూ కూర్చుంటే కథ నడక తెగిపోతుంది. రెండోసారి తప్పకుండా చూడాలి.

ప్రశ్న అడిగినవారు:
చాలా థ్యాంక్స్ మాస్టారూ. పీడీఎఫ్ దించుకున్నాను. "దుర్వారోద్యమ" వెతికి పైకి చదివాను. తాతగారు "కీచకా" దగ్గర గొంతు పెంచేవారు, అది ఈ పద్యమే! శబ్దరత్నాకరం ఆయన పెట్టెలోనే ఉందట. ఆదివారం ఊరెళ్ళి తెచ్చుకుంటాను.