బండి సీజ్ చేసి అమ్మేశారు, మిగతా బాకీ ష్యూరిటీ పడ్డవాడు కట్టాలా?

మహేంద్రతనయ (పర్లాకిమిడి):
పాతపట్నంలో ఉండే మా బావమరిది పికప్ వ్యాన్ లోన్‌కి ష్యూరిటీ సంతకం పెట్టాను. నాలుగు కిస్తీలు తప్పాక ఫైనాన్స్ వాళ్లు బండి పట్టుకుపోయి 2,90,000కి అమ్మేశారు. ఇప్పుడు 2,41,000 కట్టమని నా పేరున లెటర్ వచ్చింది. వాళ్ల లెక్క: తప్పిన కిస్తీలు 4, రాబోయేవి 26, ఒక్కోటి 16,400, పెనాల్టీ, సీజింగ్ ఖర్చు, యార్డు అద్దె కలిపి 39,000. వడ్డీ 15 శాతం. ఆర్సీ నా పేరున లేదు, నేనుండేది ఒడిశాలో. అయినా నా మీదకి వస్తారా? నా సంతకంతో రెండు ఖాళీ చెక్కులు వాళ్ల దగ్గరున్నాయి.

గుణుపురం వకీలు:
వస్తారండి. 1872 కాంట్రాక్టు చట్టం 128వ సెక్షన్ ప్రకారం, అగ్రిమెంట్‌లో వేరేగా రాసుకుంటే తప్ప, బాకీదారు ఎంత కట్టాలో ష్యూరిటీ కూడా అంతే. ముందు మీ బావమరిదిని అడిగి, అక్కడ రాకపోతేనే మీ దగ్గరికి రావాలన్న నియమం లేదు. ఎవరికి జీతమో ఆస్తో ఉంటే వాళ్లనే పట్టుకుంటారు.

అగ్రిమెంట్ నకలు తెప్పించుకుని మీ సంతకం ఎక్కడుందో చూడండి. ‘కో-అప్లికెంట్’ గడిలో ఉంటే మీరూ అప్పు తీసుకున్నట్టే. ‘గ్యారంటర్’ అయితే 133వ సెక్షన్ పనికొస్తుంది: మీకు చెప్పకుండా లోన్ షరతులు మార్చి ఉంటే, ఆ తర్వాతి లావాదేవీలకి మీ పూచీ ఉండదు. కానీ ఈ హక్కులు వదులుకుంటున్నానని చిన్న అక్షరాల్లో ముందే రాయించుకుంటారు, అదీ చదవండి.

చెక్కుల సంగతి తేలిగ్గా తీసుకోకండి. బ్యాంకులో వేసి బౌన్సయితే, నోటీసు అందిన 15 రోజుల్లో కట్టాలి. లేదంటే నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 138వ సెక్షన్ కింద చెక్ బౌన్స్ కేసు, అది క్రిమినల్. చెక్కు ఆపమని బ్యాంకుకి స్టాప్ పేమెంట్ ఇచ్చినంత మాత్రాన కేసు ఆగదు.

యార్డు లెక్కలు:
బాధ్యత మీద కాదు, అంకె మీద కొట్లాడండి. 26 కిస్తీలు × 16,400 = 4,26,400 వేశారు. అందులో ఇంకా పుట్టని వడ్డీ కూడా ఉంది! 15 శాతం మీద ఆ 26 కిస్తీల్లో అసలు సుమారు 3,62,000. అంటే దాదాపు 64,000 తేడా. బండి అమ్మిన తేదీకి మిగిలిన అసలు ఎంతో చూపే స్టేట్‌మెంట్ రాతపూర్వకంగా అడగండి. ‘మొత్తం కిస్తీలు ఒకేసారి కట్టాలి’ అన్న షరతు చూపిస్తారు, అయినా వాడుకోని కాలానికి వడ్డీ ఎందుకని అడగండి.

దాంతో పాటు వాల్యుయేషన్ రిపోర్టు, ఎంతమంది బిడ్ వేశారు, సీజింగ్ బిల్లు, యార్డు రోజువారీ రేటు కూడా. అమ్మేముందు కట్టుకోడానికి చివరి అవకాశం ఇచ్చే షరతు అగ్రిమెంట్‌లో ఉండాలని ఆర్‌బీఐ నియమం, ఆ నోటీసు పంపిన రుజువు అడగండి. పెనాల్టీని అసల్లో కలిపి దానిమీద మళ్లీ వడ్డీ వేయకూడదు. 30 రోజుల్లో సరైన జవాబు రాకపోతే ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్‌కి (ఫిర్యాదులు విచారించే అధికారికి) ఆన్‌లైన్‌లో ఫిర్యాదు పెట్టొచ్చు, ఫీజు లేదు.

మహేంద్రతనయ:
చెన్నైలో ఆర్బిట్రేషన్ (కోర్టు బయట మధ్యవర్తి విచారణ) అని నోటీసు వస్తే వెళ్లకపోతే ఏమవుతుంది?

గుణుపురం వకీలు:
మీరు లేకుండానే అవార్డు, అంటే మధ్యవర్తి తీర్పు, ఇచ్చేస్తారు. దాన్ని నేరుగా పర్లాకిమిడి కోర్టులోనే అమలుకి వేయొచ్చు, ఆస్తి ఎక్కడుంటే అక్కడే. సరిహద్దు ఏ పక్కనున్నా ఒకటే. కంపెనీ ఒక్కటే ఏకైక ఆర్బిట్రేటర్‌ని పెట్టడం కుదరదని 2019లో పెర్కిన్స్ ఈస్ట్‌మన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ అభ్యంతరం మొదటి నోటీసుకే రిజిస్టర్డ్ పోస్టులో పంపండి. అవార్డు వచ్చేస్తే సవాలు చేయడానికి 3 నెలలు, తగిన కారణం చూపితే మరో 30 రోజులు, అంతే.

తెక్కలి కిస్తీ:
సెటిల్‌మెంట్‌కి వస్తే ఏజెంటు చేతికి నగదు ఇవ్వొద్దు. ముందు కంపెనీ లెటర్, అందులో మీ ఇద్దరి పేర్లు, చెక్కులు వాపసు ఇస్తామన్న మాట ఉండాలి. డబ్బు లోన్ అకౌంట్‌కే వేయండి. తగ్గించి కడితే సిబిల్‌లో ‘సెటిల్డ్’ అని పడుతుంది, ‘క్లోజ్డ్’ కాదు. మీరు కట్టినదంతా కాంట్రాక్టు చట్టం 145వ సెక్షన్ కింద బావమరిది దగ్గర వసూలు చేసుకోవచ్చు, కట్టిన రోజు నుంచి 3 ఏళ్ల లోపు. చుట్టరికం అడ్డమైతే కనీసం ప్రామిసరీ నోటు అయినా రాయించుకోండి.