ఆర్డర్లు లేవంటూ రాజీనామా రాయమంటున్నారు, సంతకం పెట్టవచ్చా?

ప్రశ్న (చీమకుర్తి నుంచి)

అందరికీ నమస్కారం. నలభై మంది దాకా ఉన్న ఒక గ్రానైట్ పాలిషింగ్ ఫ్యాక్టరీలో ఏడేళ్ల ఎనిమిది నెలలుగా లైన్ పాలిషర్ మెషీన్ మీద పని చేస్తున్నాను. మూల వేతనం, కరువు భత్యం కలిపి నెలకు 15,600 రూపాయలు. ఆర్డర్లు తగ్గి ఒక లైన్ ఆపేస్తున్నామంటూ మాలో కొందరిని పిలిచి, ముందే టైపు చేయించిన రాజీనామా లేఖలు చేతికిచ్చారు. అందులో ‘వ్యక్తిగత కారణాల వల్ల’ అని ఉంది, తేదీ మాత్రం ఖాళీగా వదిలారు. సంతకం పెడితే నెల జీతం, గ్రాట్యుటీ వెంటనే ఇస్తారట, లేకపోతే గ్రాట్యుటీ కోసం ఏళ్ల తరబడి తిరగాలట. నా తర్వాత చేరినవారిని అదే పనిలో ఉంచుకుంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు (ఒంగోలు, న్యాయవాది)

సంతకం పెట్టకండి. గ్రాట్యుటీ వారు చేసే ఉపకారం కాదు. ఐదేళ్లు నిండినవారు మానేసినా, వారిని తీసేసినా 30 రోజుల్లో చెల్లించాల్సిందే. నెలకు 26 రోజుల లెక్కన ఏడాదికి పదిహేను రోజుల వేతనం, ఆరు నెలలు దాటిన భాగం పూర్తి సంవత్సరం కిందకే వస్తుంది కాబట్టి, మీకు ఎనిమిదేళ్లకు 72,000 రూపాయలు అవుతుంది.

వారు ఎగ్గొట్టాలని చూస్తున్నది వేరే సొమ్ము. పని లేదని తీసేసేటప్పుడు, ఏడాది సర్వీసు నిండిన కార్మికుడికి కారణం చూపుతూ నెల ముందు రాతపూర్వక నోటీసు లేదా దానికి బదులు నెల జీతం ఇవ్వడమే కాక, ఏడాదికి పదిహేను రోజుల సగటు వేతనం చొప్పున పరిహారం కూడా చెల్లించాలని 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం 25ఎఫ్ సెక్షన్ చెప్పింది; 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్‌లోనూ ఆ నిబంధన అలాగే ఉంది. మీ విషయంలో అది మరో అరవై వేల పైమాటే. మీరే మానేసినట్టు రాసిస్తే ఆ పరిహారం రాదు, ఆ లేఖ వెనకున్న తాపత్రయమంతా అదే. చివర చేరినవారిని ముందు తీసేయాలన్నది కూడా చట్టంలోని మాటే. కాదనాలంటే యజమాని కారణాలు రాసి చూపాలి.

జవాబు (సింగరాయకొండ నుంచి)

న్యాయవాది గారు చెప్పినదానికి ఒక చేర్పు. గేటు దగ్గర ఆపేస్తే హాజరు పట్టీ మీ చేతికి రాదు కనుక, పే స్లిప్పులు, పీఎఫ్ పాస్‌బుక్, జీతం పడిన బ్యాంకు స్టేట్‌మెంటు ఇప్పుడే తీసి ఉంచుకోండి. ‘పనికి సిద్ధంగా ఉన్నాను’ అని రిజిస్టర్డ్ పోస్టులో ఒక లేఖ పంపి, ఒంగోలులోని కార్మిక శాఖ కార్యాలయంలో ఫిర్యాదు ఇవ్వండి. క్వారీలో పని చేసేవారైతే గనులు కేంద్ర కార్మిక శాఖ పరిధిలోకి వస్తాయి, కానీ మీది ఫ్యాక్టరీ.

ప్రశ్న అడిగినవారు

నన్ను ఈ మధ్యే కాగితాల మీద ‘సూపర్‌వైజర్’ అని చూపారు. దానివల్ల ఇబ్బందా?

జవాబు (ఒంగోలు, న్యాయవాది)

హోదా పేరుతో పని లేదు, మీరు చేసే పనే లెక్క. రోజంతా స్లాబుల మీదే ఉంటే మీరు కార్మికులే. పైగా కొత్త కోడ్ ప్రకారం నిజంగా పర్యవేక్షణ పని చేసేవారు కూడా నెలకు 18,000 రూపాయలు దాటితేనే ఆ నిర్వచనంలోంచి తప్పుకుంటారు.