చదువు తక్కువైన ఆశా కార్యకర్తను ధ్రువీకరణ పరీక్షకు ఎలా సిద్ధం చేయాలి?

ప్రశ్న (ఏఎన్‌ఎం, ఉట్నూరు ఏజెన్సీ):
నా సబ్‌సెంటర్ పరిధిలోని ఒక గోండు గూడెంలో ఆశాగా పనిచేస్తున్న అక్క ఐదో తరగతి వరకే చదువుకున్నారు. తగినవారు దొరకని చోట చదువు నిబంధనను సడలించవచ్చు కనుక ఆవిడను తీసుకున్నారు. పసికందు ఊపిరిని నిండు నిమిషం లెక్కపెట్టి, 60కి చేరినా, దాటినా వెంటనే నాకు ఫోన్ చేస్తారు; ఆ లెక్క తప్పడం నేను ఇంతవరకు చూడలేదు. జాతీయ సార్వత్రిక విద్యా సంస్థ ధ్రువీకరణలో రాతపరీక్ష కూడా ఉంటుందని విన్నప్పటి నుంచి, తనను తీసేస్తారేమోనని ఆవిడ బెంగపెట్టుకున్నారు. ఏం చేయమంటారు?

జవాబు (ఆశా శిక్షకురాలు):
ఆ భయాన్ని ముందు మీ వైద్యాధికారి నోటితోనే పోగొట్టించండి. రాతతో పాటు చేతిపని పరీక్ష కూడా ఉంటుంది, అక్కడ ఆవిడకు తిరుగుండదు. మహారాష్ట్రలోని గడ్చిరోలిలో అభయ్ బంగ్, రాణీ బంగ్ అనే వైద్య దంపతులు, లెక్క సరిగా రాని మంత్రసానుల కోసం పూసలు జరుపుతూ ఊపిరి లెక్కించే చిన్న పరికరాన్ని వాడుకలోకి తెచ్చారు. తర్వాత గ్రామ మహిళలకే నవజాత శిశు సంరక్షణ నేర్పితే, మూడో ఏటికి ఆ గ్రామాల్లో నవజాత శిశు మరణాలు, పోల్చి చూసిన గ్రామాలకంటే 62 శాతం తగ్గాయని 1999లో వెలువడిన వారి అధ్యయనం చూపింది. పాఠాన్ని గోండిలో చెప్పించండి, తెలుగు పదం తర్వాత వస్తుంది.

జవాబు (విశ్రాంత ఆరోగ్య పర్యవేక్షకుడు):
శిక్షకురాలు గారు చెప్పింది నిజమే కానీ, రాతను అంత తేలిగ్గా వదిలేయవద్దని నా మనవి. ఆసుపత్రిలో కాన్పయితే 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో ఆరుసార్లు, ఇంట్లో అయితే మొదటి రోజుతో కలిపి ఏడుసార్లు ఆశా ఆ గడప తొక్కాలి, చూసిన ప్రతిదీ ఫారంలో ఉండాలి. ఒకసారి బరువు, జ్వరం రాయని చీటీతో ఒక బిడ్డను పెద్దాసుపత్రికి పంపాము. ఆ వివరాలన్నీ తల్లిని మళ్లీ అడిగి రాసుకోవడానికే అక్కడ చాలాసేపు పట్టింది. అది నేను ఇప్పటికీ మరచిపోలేదు. అందుకే పరీక్ష కోసం వేరే పుస్తకాలు వద్దు తల్లీ, ఆ ఫారాన్నే ఆవిడ పలకగా చేయండి.

ప్రశ్న వేసినవారు:
ధన్యవాదాలండీ. బుధవారం టీకాలు ముగిశాక ఆవిడ చేత పాత ఫారాలు చదివించి, కొత్తది నా ఎదుటే రాయిస్తాను. గోండి వచ్చిన అంగన్‌వాడీ టీచరును కూడా కూర్చోబెడతాను.