అంతరిక్షానికి విడిగా సైన్యం కావాలా? వాయుసేన చాలదా?

గగనవిహారి:
అమెరికా 2019 డిసెంబర్‌లో స్పేస్ ఫోర్స్ అని విడిగా అంతరిక్ష దళం పెట్టింది. అప్పటి నుంచి, ఉపగ్రహాలున్న ప్రతి దేశంలోనూ "మనకూ ఒకటి కావాలి" అనే మాట వినిపిస్తూనే ఉంది. నా ఓటు వద్దు అనే. ఉపగ్రహం తనంతట తాను యుద్ధం గెలవదు. కింద పోరాడేవాడికి అది దారి చూపిస్తుంది, కబురు మోస్తుంది, శత్రువు కదలిక చెబుతుంది. ఇవన్నీ సేవలు. సేవ చేసే విభాగానికి సొంత ప్రధాన కార్యాలయం, సొంత హోదాలు, సొంత యూనిఫాం ఎందుకు?

రష్యా అనుభవం చూడండి. 1992లో సైనిక అంతరిక్ష దళం పెట్టారు. 1997లో దాన్ని వ్యూహాత్మక క్షిపణి దళంలో కలిపేశారు. 2001లో మళ్ళీ విడదీశారు, 2011లో కొత్త పేరుతో మార్చారు, 2015లో తీసుకెళ్ళి వాయుసేనతో కలిపారు. చైనా కూడా అంతరిక్షం, సైబర్ పనులు చూడటానికి 2015 చివర్లో పెట్టిన స్ట్రాటజిక్ సపోర్ట్ ఫోర్స్‌ను 2024లో రద్దు చేసి ముక్కలుగా విడదీసింది. ఫ్రాన్స్ తెలివిగా 2020లో వాయుసేన పేరుకే 'అంతరిక్షం' చేర్చి ఊరుకుంది.

కక్ష్య_1967:
గగనవిహారి గారూ, ఇదే వాదన ఒకప్పుడు విమానాల గురించి కూడా నడిచింది. విమానం అంటే సైన్యానికి కళ్ళు, నౌకాదళానికి కళ్ళు, అంతకు మించి ఏమీ కాదన్నారు. బ్రిటన్ 1918లోనే వాయుసేనను వేరు చేసింది. అమెరికాలో అది 1947 దాకా ఆర్మీ కిందే ఉంది.

పైగా ఆకాశం వేరు, అంతరిక్షం వేరు. విమానాన్ని పైలట్ తనకు కావాలంటే ఎడమకి తిప్పుతాడు, వద్దనుకుంటే దిగిపోతాడు. భూమికి దగ్గరి కక్ష్యలో ఉపగ్రహం సెకనుకు ఏడున్నర కిలోమీటర్ల పైచిలుకు వేగంతో, గంటన్నరకో చుట్టు చొప్పున తిరుగుతూనే ఉండాలి. ఎప్పుడు ఎవరి నెత్తిమీదకి వస్తుందో శత్రువు ముందే లెక్క కట్టుకుంటాడు. దారి మార్చాలంటే ఇంధనం ఖర్చు, ఆ ఇంధనమే దాని ఆయుష్షు. చట్టం కూడా వేరే. గగనతలం ఏ దేశం మీద ఉంటే ఆ దేశానిది, అంతరిక్షం మాత్రం 1967 ఒప్పందం ప్రకారం ఎవరి సొత్తూ కాదు. ఈ లెక్కలు ఒంటబట్టాలంటే ఆఫీసరు ఉద్యోగమంతా ఇందులోనే ఉండాలి. రెండేళ్ళు కూర్చోబెట్టి మళ్ళీ ఇంకో స్టేషన్‌కి బదిలీ చేస్తే ఎలా వస్తాయి?

తోకచుక్క:
సొంతంగా నాలుగు నిఘా ఉపగ్రహాలు లేని దేశాలు కూడా అంతరిక్ష సేనాపతి పదవి గురించి మాట్లాడుతున్నాయి. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం.

గ్రౌండ్_స్టేషన్:
ఇద్దరూ పైకే చూస్తున్నారు. దెబ్బలు ఎక్కువగా తగులుతున్నది నేల మీద.

2022 ఫిబ్రవరి 24న, ఉక్రెయిన్ మీద దాడి మొదలైన రోజే, వయాసాట్ కంపెనీ కేఏ-శాట్ ఉపగ్రహ ఇంటర్నెట్ నెట్‌వర్క్ మీద సైబర్ దాడి జరిగింది. పైనున్న ఉపగ్రహాన్ని ఎవరూ ముట్టుకోలేదు. కింద ఇళ్ళలో, ఆఫీసుల్లో ఉన్న వేలాది మోడెమ్‌లు పనికిరాకుండా పోయాయి. యుద్ధంతో సంబంధం లేని జర్మనీలో గాలిమరలకు రిమోట్ కనెక్షన్ తెగిపోయింది.

జీపీఎస్ సంగతీ అంతే. సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తు నుంచి వచ్చే సిగ్నల్ అది, కిందకి చేరేసరికి చాలా బలహీనమైపోతుంది. నేల మీద పెట్టిన జామర్ దాన్ని ముంచేస్తుంది. ఉక్రెయిన్‌లో జీపీఎస్ ఆధారంగా వెళ్ళే ఖరీదైన ఫిరంగి గుండ్లు గురి తప్పింది అందుకే. రేడియోనూ ఇలాగే జామ్ చేస్తారు కాబట్టి డ్రోన్లకు రేడియో లింకే వద్దనుకుని, వెనకాల సన్నటి ఆప్టికల్ ఫైబర్ తీగ విప్పుకుంటూ ఎగిరేవి తయారుచేశారు. జీపీఎస్ పోయినా పని నడిపించడం ఫిరంగి దళం, నౌకాదళం, పైలట్ అందరూ నేర్చుకోవాలి. ఆ శిక్షణను అంతరిక్ష దళానికి అప్పగించి చేతులు దులుపుకుంటే కుదరదు.

ఇక ఉపగ్రహాన్ని క్షిపణితో కూల్చడం గురించి. 2007లో చైనా దాదాపు 865 కిలోమీటర్ల ఎత్తున తన పాత వాతావరణ ఉపగ్రహాన్నే పేల్చింది. రాడార్‌కి దొరికే శకలాలే మూడు వేలు దాటాయి, వాటిలో చాలా భాగం ఇప్పటికీ తిరుగుతున్నాయి. 2021 నవంబర్‌లో రష్యా తన పాత ఉపగ్రహం కాస్మోస్-1408ని పేల్చినప్పుడు అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో ఉన్నవాళ్ళు తమ నౌకల్లోకి వెళ్ళి తలదాచుకున్నారు. వాళ్ళలో ఇద్దరు రష్యన్లే! 2019లో భారత్ ముక్కలు త్వరగా రాలిపోవాలని 300 కిలోమీటర్ల లోపే పరీక్ష చేసింది, అయినా కొన్ని పైకి ఎగిశాయి. ఇది ఒకసారి సత్తా చూపించడానికి పనికొస్తుందేమో. యుద్ధంలో వాడితే మన ఉపగ్రహాలకూ అదే గతి.

గగనవిహారి:
నేను చెప్పేదీ అదే కదండీ. మోడెమ్ మీద దాడిని ఆపాల్సింది సైబర్ విభాగం, జామర్‌ని పట్టుకోవాల్సింది ఎలక్ట్రానిక్ వార్‌ఫేర్ వాళ్ళు. మరి కొత్త దళానికి మిగిలే పనేంటి?

మధ్యాహ్నరేఖ:
యూనిఫాం గొడవ పక్కన పెట్టి ఉపగ్రహం ఎవరిదో చూడండి. క్రిమియా దగ్గర స్టార్‌లింక్ ఉపగ్రహ ఇంటర్నెట్ ఆన్ చేయమని ఉక్రెయిన్ అడిగితే తాను ఒప్పుకోలేదని ఆ కంపెనీ అధిపతి ఈలాన్ మస్క్ స్వయంగా చెప్పాడు. ఒక దేశం సైనిక చర్య ఒక వ్యాపారి సరే అనడం మీద ఆధారపడింది. చిన్న దేశాలు ఫొటోలు కొంటాయి, బ్యాండ్‌విడ్త్ అద్దెకు తీసుకుంటాయి, అందులో తప్పేం లేదు. కానీ యుద్ధం వస్తే సేవ ఆపే హక్కు కంపెనీకి ఉందా, రెండో సరఫరాదారు ఉన్నాడా అన్నది ఒప్పందంలో రాసుకోవాలి. రక్షణ విధానం అంటే నా దృష్టిలో ముందు ఆ కాగితమే.

కక్ష్య_1967:
ఒప్పందం సంగతి ఒప్పుకుంటాను. గగనవిహారి గారి ప్రశ్నకి జవాబు చెబుతాను. ఒక ఉపగ్రహం ఉన్నట్టుండి మూగబోయింది అనుకోండి. సౌర తుఫానా, పార్టు పాడైందా, శకలం తగిలిందా, ఎవరైనా కావాలని చేశారా? ఇది గంటల్లో తేల్చకపోతే ప్రభుత్వం గుడ్డిగా నిర్ణయం తీసుకోవాల్సి వస్తుంది. అందుకు రాడార్లు, టెలిస్కోపులు పెట్టి, కక్ష్యలో ఏది ఎక్కడుందో పగలూ రాత్రీ పట్టిక రాసుకుంటూ ఉండాలి. ఈ పని సైబర్ వాళ్ళది కాదు, ఫిరంగి వాళ్ళదీ కాదు.

గగనవిహారి:
దానికి సైన్యమే ఎందుకు? వాయుసేన రాడార్ విభాగానికి అప్పగించి, విడిగా ఒక పద్దు ఇస్తే సరిపోతుంది.

కక్ష్య_1967:
ఆ పద్దును యుద్ధ విమానాల కొనుగోలుకు మళ్ళించకూడదని కూడా రాయించండి. రాయిస్తే నేను దళం అడగను.